చీపురుపుల్ల గేజి

లే.నెం. 4127
దివిసీమ రైలు సాధన సమితి,
అవనిగడ్డ, జూన్ 3.

పూజ్యులైన బావగారికి,

శోభనాద్రి నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా కులాసా. మీరూ అక్కయ్యా కులాసా అనే అనుకోవాలి, ఎందుకంటే హాలండు వెళ్ళి నెలైనా మీ దగ్గర్నుంచి ఒక్క ఉత్తరం ముక్క లేదు. డచ్చివాళ్ళు ఎప్పుడో బందరు నుంచి పట్టుకుపోయిన తెలుగు కాగితాలు చదివిపెట్టమని మిమ్మల్ని ఎనిమిది నెలలకి పిలిపించుకున్నారు, సంతోషం. వాళ్ళ కాగితాలు చదువుతూ మనవాళ్ళకో కాగితం రాయకూడదని రూలుందా? ఫోన్ చేశారని మీ చెల్లెలు చెప్పింది. ఫోన్లో నేను మాట్లాడనని మీకు తెలుసు. తొంభై ఎనిమిదిలో ఒక పెద్దమనిషి ఫోన్లో "మీ రైలు శాంక్షనైపోయిందండీ" అన్నాడు. ఊరంతా స్వీట్లు పంచాం. కాగితం అడిగితే "నేనెప్పుడన్నాను?" అన్నాడు. ఆ రోజు నుంచి నాకు చెవులతో పని లేదు.

ఇక అసలు విషయం. బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా కృష్ణ దాటి రేపల్లెకి రైలు వెయ్యమని సమితి తరఫున నేను రాసిన కాగితాలు నాలుగువేలు దాటాయి. ఒక్కదానికీ వేస్తామని లేదు, వెయ్యమని లేదు. "పరిశీలనలో ఉన్నది." నలభై ఏడేళ్ళు పరిశీలించడానికి అందులో ఏముందండీ?

మా అధ్యక్షులు నాంచారయ్య మాస్టారి సంగతి మీకు తెలుసు. డెబ్భై ఏడు ఉప్పెనప్పుడు సాయం చేసేవాళ్ళు బందరు దాకా రైల్లో వచ్చి, అక్కణ్ణించి మా దగ్గరికి చేరలేక రోజుల తరబడి ఆగిపోయారు. తర్వాత బడి తెరిస్తే మాస్టారి క్లాసులో సగం బెంచీలు ఖాళీ. ఆ రోజే ప్రమాణం చేశారు, అవనిగడ్డకి రైలొచ్చేదాకా రైలెక్కనని. అంతకుముందు ఆయనకి ఎక్కే అవసరమూ రాలేదు. ఢిల్లీలో అర్జీ ఇవ్వడానికి కూడా బస్సులు మారుతూ ఐదు రోజులు వెళ్ళారు. అక్కడ గుమాస్తా "అంత దూరం బస్సులోనా? రైలుందిగా!" అన్నాడట.

డిసెంబరు పధ్నాలుగుకి మాస్టారికి తొంభై నిండుతాయి. వాళ్ళు వెయ్యరు. అందుకని నేనే వేసేస్తున్నాను. మా హాల్లో, పన్నెండడుగుల బల్ల మీద. థర్మాకోలుతో స్టేషన్లయ్యాయి. పులిగడ్డ దగ్గర కృష్ణ మీద వంతెన సైకిలు స్పోకులతో అయింది. చిలకలపూడి రోల్డుగోల్డు పనివాడు హిదాయతుల్లా ఇత్తడి తీగ తీసి పట్టాలు వేసిపెట్టాడు. ఇంజనొక్కటే లేదు. విజయవాడలో అడిగితే, కీ ఇస్తే కూతపెట్టి మంచం కిందకి పోయే ప్లాస్టిక్ రైలు చూపించారు. ఇంత ఉద్యమానికి ప్లాస్టిక్ రైలా! పైదేశాల్లో హాబీ షాపులని ఉంటాయట, అచ్చం నిజం రైళ్ళలాంటివి అమ్ముతారట. మీరు వెతికి ఒక ఇంజను పంపాలి. మాస్టారు పచ్చజెండా ఊపాలి. అంతే నా కోరిక.

పట్టాల మధ్య ఎడం ఎంతో అంకెల్లో రాయను. ఎనభై మూడులో నక్షాలో ఒక అంకె తారుమారై మా వంతెన గోదావరి మీద పడింది. దాన్ని మళ్ళీ కృష్ణ మీదకి తెచ్చుకోవడానికి ఆరేళ్ళు పట్టింది. అంకె అబద్ధమాడుతుంది, పుల్ల ఆడదు. చెప్పుల కొట్టుకి పాదం ఆది పంపినట్టే, చీపురుపుల్ల సరిగ్గా కోసి ఇందులో పెట్టాను. షాపులో ఆ పుల్ల చూపించండి చాలు.

ఇట్లు,
రైలు లేని ఊరివాడు,
శోభనాద్రి

తా.క.: కవరు అంటిస్తుంటే మీ చెల్లెలు వచ్చి ఇంకో పుల్ల పడేసింది. మా మనవరాలు శ్రీలలిత పాదం ఆది. అక్కడ చెక్క బూట్లు వేసుకుంటారట, స్కూల్లో వేషాల పోటీకి కావాలట. నా పని అయ్యాకే ఆ పని.

*

లైడెన్, జూన్ 21.

చిరంజీవి శోభనాద్రికి,

బావ వెంకటసుబ్రహ్మణ్యం ఆశీర్వదించి రాసేది. ఉభయకుశలోపరి. నీ ఉత్తరం అందింది. ముప్ఫై నాలుగేళ్ళు బందరు కాలేజీలో చరిత్ర చెప్పినవాణ్ణి, బొమ్మల కొట్ల వెంట తిరగడమేమిటని మొదట మనసొప్పలేదు. మాస్టారి పేరు రాశావు కనక కదిలాను.

మొదటి షాపుకి నలభై నిమిషాలు రైల్లో, ఇరవై నిమిషాలు వానలో వెళ్ళాం. తలుపు మీద "బుధ, శని వారాలు మాత్రమే, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు" అని ఉంది. ఆ రోజు శనివారమే. టైము రెండున్నర. అయినా మూసి ఉంది. కింద ఒక చీటీ: "రైళ్ళు చూడడానికి స్విట్జర్లాండు వెళ్ళాను. మూడు వారాల్లో వస్తాను." ఒళ్ళు మండిపోయింది. రైళ్ళమ్మేవాడికి రైళ్ళు చూసే సరదా ఏమిటయ్యా!

రెండో షాపుకి హాబీ అని నిలువెత్తు బోర్డుంది. లోపల చూస్తే ఊలు ఉండలు, అల్లిక సూదులు. మీ అక్కయ్య గంటన్నర దాకా బయటికి రాలేదు.

మూడోది తెరిచి ఉంది. నెత్తి మీద రెండు కళ్ళజోళ్ళు, ముక్కు మీద ఒకటి పెట్టుకున్న ముసలాయన కూర్చుని ఉన్నాడు. రైలింజను కావాలన్నాను. "ఏ స్కేలు? ఏ కాలం?" అన్నాడు. వీళ్ళు రైళ్ళని ఆరు కాలాలుగా విడగొట్టుకున్నారు, బొగ్గింజను కాలం నుంచి ఇప్పటిదాకా. మీది ఏ కాలమని నొక్కి నొక్కి అడిగాడు. "మాకింకా ఏ కాలమూ రాలేదండీ" అన్నాను. కాసేపు ఆలోచించి, "ఆ కాలం మా దగ్గర స్టాకు లేదు" అన్నాడు.

అప్పుడు నీ పుల్ల తీశాను. నవ్వులపాలవుతాననుకున్నాను. ఆయన దాన్ని స్కేలు పక్కన పెట్టి చూసి, లేచి నిలబడి నాకు కరచాలనం చేశాడు. అంతటిది తన దగ్గర లేదని, వేరే వాళ్ళ దగ్గర ఉంటుందని చెప్పి, రసీదు వెనక అడ్రసు రాసిచ్చాడు. ఈ దేశంలో ఒక రైలు షాపు అడ్రసు ఇంకో రైలు షాపు ముసలాయనకే తెలుసు. ఇప్పుడు నా జేబులో అలాంటి రసీదులు మూడున్నాయి. వదలను.

శ్రీలలిత పాదం ఆది పుల్ల మాత్రం దారిలో విరిగిపోయింది. ముక్కే మిగిలింది, పారేశాను. మళ్ళీ పంపు.

ఇట్లు,
వానలో తడిసిన మీ బావ,
వెంకటసుబ్రహ్మణ్యం

తా.క.: ఒరే తమ్ముడూ, సత్యవాణక్కయ్యని. నీకోసం ఊలు కొన్నాను, స్వెట్టరు అల్లుతున్నాను. అవనిగడ్డలో స్వెట్టరెందుకని అడక్కు. రైలెందుకని నేనడిగానా?

*

లే.నెం. 4131
అవనిగడ్డ, జులై 9.

బావగారికి,

శోభనాద్రి నమస్కారాలు. క్షేమ సమాచారాలు అడిగే ఓపిక లేదు, క్షేమమే అనుకుంటాను. చీపురుపుల్లని కూడా చెక్కుచెదరకుండా చేర్చలేని లోకమిది, రైలుని చేరుస్తుందా! శ్రీలలిత పాదం మళ్ళీ కొలిచి, ఈసారి రెండు అట్టల మధ్య పెట్టి దారం చుట్టి పంపుతున్నాను.

ఆ స్విట్జర్లాండు వెళ్ళిన మనిషి సంగతి చదివి నాకు అన్నం సయించలేదు. రైళ్ళున్న దేశంలో ఉండి, రైళ్ళమ్ముతూ, రైళ్ళు చాలక ఇంకో దేశానికి వెళ్ళి రైళ్ళు చూస్తాడా? కడుపు నిండినవాడి బేరాలు!

ఇక్కడ కొంప మునిగింది. హిదాయతుల్లా టీ కొట్టు దగ్గర నోరు జారాడు, శోభనాద్రి గారు రైలు వేస్తున్నారని. మర్నాడు కోడూరు నుంచి రత్తయ్య, నాగాయలంక నుంచి వీరాంజనేయులు చెరో పాతికమందితో దిగారు. బల్ల చుట్టూ తిరిగి చూసి, "మా ఊరేదండీ?" అన్నాడు రత్తయ్య.

"కోడూరు ఈ లైను మీద లేదు నాయనా. ఇది బందరు, రేపల్లె లైను."

"పటంలో మా ఊరు లేకపోతే ఢిల్లీ వాళ్ళ తప్పనుకున్నాం. బొమ్మలో కూడా లేకపోతే అది మీ తప్పేగా? వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ముద్ద దొరుకుతుందంటారు. మీరు మనవాళ్ళు కారా?"

"ఇదుత్త థర్మాకోలయ్యా!"

"థర్మాకోలుకే గతిలేని ఊరా మాది?"

వీరాంజనేయులు ఇంకా తెలివైనవాడు. నాగాయలంకకి హాల్టు ఇవ్వకపోతే రైలు కదలనివ్వం, బల్లకి అడ్డంగా పడుకుంటాం అన్నాడు. మా ఇంటి ముందు టెంటు వేశారు. మైకు పెట్టారు. రిలే నిరాహార దీక్ష మొదలైంది. నలభై ఏడేళ్ళు టెంటు లోపల కూర్చున్నవాణ్ణి, టెంటుకి ఎదురుగా కూర్చోవడం ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. మీ చెల్లెలు వాళ్ళకి పూటపూటా మజ్జిగ అందిస్తోంది, అడిగితే "పాపం ఎండ" అంటుంది.

చివరికి నా చేతికి అర్జీ ఇచ్చారు. తీసుకుని నేనేమన్నానో తెలుసా బావగారూ? "పరిశీలిస్తాం" అన్నాను. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. అన్నాక సిగ్గుతో చచ్చిపోయాను. త్వరగా ఇంజను పంపండి, ఈ గొడవలు ముదరకముందే.

ఇట్లు,
టెంటుకి ఎదురు పక్కవాడు,
శోభనాద్రి

తా.క.: ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. బస్టాండు దగ్గర "రైల్వే స్టేషనుకి అతి సమీపంలో ప్లాట్లు" అని బోర్డు వెలిసింది. ఏ స్టేషనయ్యా అని బోర్డు పెట్టినవాణ్ణి నిలదీశాను. "మీ హాలేనండీ, ఇక్కడికి రెండే వీధులు" అన్నాడు.

*

లైడెన్, ఆగస్టు 2.

చిరంజీవి శోభనాద్రికి,

బావ ఆశీస్సులు. దొరికింది! నీ ఇంజను దొరికింది!

ఇంకో నాలుగు షాపులు తిరిగాం. ఒక షాపులో ఇల్లు కట్టుకునే సామానంతా ఉంది, గోరంత మనుషులు, గోరంత ఆవులు, గోరంత చెత్తకుండీలు. రైలు మాత్రం లేదు. ఇంకోడు పుల్ల చూసి నవ్వాడు. మళ్ళీ నవ్వితే మర్యాద దక్కదన్నాను తెలుగులో. అర్థమైనట్టుంది, నోరు మూసుకుని అడ్రసు రాసిచ్చాడు.

ఆ అడ్రసు జర్మనీ సరిహద్దులో ఒక పల్లెటూరు. రైలు దిగి, బస్సు దిగి, పాల డెయిరీ పక్కన నడిచి వెళ్తే ఒక పెద్ద షెడ్డు. అందులో ఎనభై దాటిన పెద్దాయన ఒక్కడే సామాను సర్దుకుంటున్నాడు. వారంలో షాపు ఎత్తేస్తున్నాడట. పుల్ల ఇచ్చాను. కొలిచాడు. "ఇంత గేజి వాడేవాడు మీ ఊళ్ళో ఉన్నాడా!" అన్నాడు. అప్పుడు మాస్టారి సంగతంతా చెప్పాను. ఉప్పెన, ప్రమాణం, ఐదు రోజుల బస్సు ప్రయాణం. నలభై ఏడేళ్ళు అనగానే ఆయన బల్ల గుద్దాడు. తమ ఊరి రైలుని కూడా ప్రయాణికులు లేరని ఎప్పుడో పీకేశారట. "మాకున్నది పీకేశారు, మీకసలు వెయ్యలేదు" అని ఆయనా నేనూ కలిసి కాసేపు పైవాళ్ళని తిట్టుకున్నాం, ఆయన డచ్చిలో, నేను తెలుగులో. అంత తృప్తిగా నేనెప్పుడూ తిట్టలేదు.

ఎవరో చేయించుకుని తీసుకెళ్ళకుండానే వదిలేసిన ఇంజను ఒకటుందట, అదిచ్చేశాడు. డబ్బు వద్దన్నాడు. ఒకటే షరతు, అద్దాల బీరువాలో పెట్టకూడదు, నడపాలి. అప్పటికే పెట్టెలో సర్ది ఉంది, ముక్కు భాగం మాత్రం చూశాను, నల్లగా నిగనిగలాడుతోంది. కొంచెం బరువు. పెట్టె కదపడానికి నలుగురు పట్టారు. మంచి సరుకు ఆమాత్రం బరువుంటుంది. ఇక్కడి ప్రదర్శనకి వచ్చిన పెడన కలంకారీ వాళ్ళ పెట్టెలు ఓడలో తిరిగి వెళ్తున్నాయి, వాళ్ళని బతిమాలి దీన్నీ వాటితో ఎక్కించాను. నిన్ననే వెళ్ళిపోయింది. ఇంజనుతో పాటు చక్రాల బల్ల కూడా ఒకటిచ్చాడు, ఎందుకో చెప్పాడు కానీ నాకు తెలియలేదు.

నీ మీద మాత్రం నాకు కోపంగా ఉంది. పాదం ఆది పంపమంటే మళ్ళీ పట్టాల ఆదే పంపావు! రెండు పుల్లలూ పక్కపక్కన పెట్టి చూశాను, వెంట్రుకవాసి తేడా లేదు. రైలు పిచ్చిలో మనవరాలు కూడా గుర్తులేదా నీకు?

ఇట్లు,
కార్యం సాధించిన మీ బావ,
వెంకటసుబ్రహ్మణ్యం

తా.క.: తమ్ముడూ, ఆ చక్రాల బల్ల మీద వడియాలు పెట్టుకోమని మరదలికి చెప్పు. ఎండ ఎటుంటే అటు తోసుకోవచ్చు. నీ స్వెట్టరు ఒక చెయ్యి అయింది. అక్కయ్య.

*

లే.నెం. 4140
అవనిగడ్డ, ఆగస్టు 20.

బావగారికి,

వయసుకి మాత్రమే నమస్కారం.

వెంట్రుకవాసి తేడా లేదా? ఎందుకుంటుందండీ! రెండూ శ్రీలలిత పాదమే! విరిగిపోయిన ముక్కని పారేశారు చూడండి, అదే నా రైలు!

ఏడేళ్ళ పిల్ల పాదమంత వెడల్పు రైలు నా బల్ల మీద ఎక్కడ నడుస్తుంది? నా బందరు స్టేషనంతా కలిపినా ఆ ఇంజను చక్రమంత ఉండదు. అది కృష్ణ వంతెన ఎక్కితే స్పోకులతో సహా నేలమట్టం. ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పారు కదా, పన్నెండడుగుల బల్లకి నలుగురు మోసే ఇంజనెందుకని ఒక్క క్షణం అనిపించలేదా? మళ్ళీ నాకు మనవరాలు గుర్తులేదని దెప్పుతారా? ఉల్టా చోర్ కొత్వాల్ కో డాంటే, దొంగే ఎదురు తిరిగి పోలీసుని గదమాయించాడని హిదాయతుల్లా ఊరికే అనడు!

నాకు కోపం దానికి కూడా కాదు. మొన్న మాస్టారు బల్ల చూడ్డానికి వచ్చారు. ఆయన చూపు బాగా మందగించిందని ఆ రోజే నాకు తెలిసింది. ఎవరికీ చెప్పుకోలేదు. వేలితో బల్ల తడుముకుంటూ "ఇది చల్లపల్లా?" అన్నారు. ఆయన వేలి కింద చల్లపల్లీ మోపిదేవీ రెండూ నలిగాయి. "రైలెక్కడయ్యా?" అన్నారు. "వస్తోంది మాస్టారూ" అన్నాను. పైవాళ్ళు మాకు చెప్పే మాటే నేను ఆయనకి చెప్పాను. ఆయన తలూపి, చేతికర్ర వెతుక్కుని వెళ్ళిపోయారు. గోరంత ఇంజను వచ్చినా ఆయనకి కనపడదు, దూడంత ఇంజను నడవదు. పుట్టినరోజు నాడు ఆయనకి నేనేం చూపించాలి బావగారూ? నాకు ఏడుపొస్తోంది.

ఇట్లు,
శోభనాద్రి

తా.క.: సమితి అత్యవసర సమావేశంలో మిమ్మల్ని తీవ్రంగా ఖండిస్తూ తీర్మానం చేశాం. కోడూరు, నాగాయలంక వాళ్ళు కూడా బలపరిచారు. ప్రతి జతపరుస్తున్నాను. అక్కయ్యకి చూపించకండి.

*

లైడెన్, సెప్టెంబరు 8.

శోభనాద్రికి,

చిరంజీవి అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా చిరంజీవి.

అంకె అబద్ధమాడుతుంది, పుల్ల ఆడదన్నదెవరు? నువ్వు. ఏ పుల్ల దేనిదో రాయనిదెవరు? నువ్వు. బల్ల పన్నెండడుగులని రాశానంటావు, పన్నెండు అంకె కాదూ? అంకెల్ని నమ్మొద్దంటే నమ్మడం మానేశాను. రెండు పుల్లల్లో ఒకటి గోరంత, ఒకటి జానెడు ఉంటే, గోరంతది రైలనీ జానెడుది పిల్ల పాదమనీ ఏ చరిత్రకారుడు ఊహిస్తాడయ్యా?

అయినా ఊరుకోలేదు. మార్పించుకుందామని మళ్ళీ ఆ పల్లెకి వెళ్ళాను. షెడ్డుకి తాళం. అడ్రసు అడిగి తెలుసుకుని ఉత్తరం రాశాను, పొరపాటైందని, చిన్నది కావాలని. జవాబొచ్చింది. ఒకటే వాక్యం. "నడుస్తోందా?" అని. నా ఉత్తరం ఆయన చదివాడో, చదివి కూడా అదే అడిగాడో తెలియదు. నేనేం రాయను? మా బావమరిది దాన్ని దూడ అంటున్నాడని రాయనా?

మాస్టారి చూపు సంగతి చదివి ఆ రోజు లైబ్రరీకి వెళ్ళలేకపోయాను. ఆయన దగ్గర నేనూ ఎక్కాలు నేర్చుకున్నాను. ఇంతకు మించి రాయలేను.

అది పాదం ఆది అని తేలింది కనక చెక్క బూట్లు కొని పార్సిల్ చేశాను. ఆ ఒక్క పనీ సరిగ్గా అయింది.

ఇట్లు,
ఖండింపబడిన
వెంకటసుబ్రహ్మణ్యం

తా.క.: తీర్మానం చూశాను. మీ బావగారిని ఖండించే హక్కు భూమ్మీద నాకొక్కదానికే ఉంది, దాన్ని మీ సమితికి రాసివ్వలేదు. స్వెట్టరు విప్పేస్తున్నాను. సత్యవాణి.

*

లే.నెం. 4166
దివిసీమ రైలు సాధన సమితి,
అవనిగడ్డ, డిసెంబరు 16.

పూజ్యులైన బావగారికీ అక్కయ్యకీ,

శోభనాద్రి సాష్టాంగపడి రాసేది. మేమంతా క్షేమం. ఎంత క్షేమమంటే, చెబితే నమ్మరు. ఖండన తీర్మానం రద్దయింది, దాని ప్రతి జతపరిచాను, ఇది అక్కయ్యకి తప్పకుండా చూపించండి.

పెట్టె నవంబరు చివర్లో పెడన నుంచి లారీలో వచ్చింది. మా గుమ్మంలో పట్టలేదు. రైసు మిల్లు కళ్ళంలో దింపించాం. లోపల ఉన్నదాన్ని చూసి అందరూ నోరు తెరిచారు, నేను మాత్రం తల పట్టుకుని కూర్చున్నాను. ఎవరో చెప్పారేమో, మాస్టారు కర్ర ఊతంతో వచ్చారు. ఇంజనుని ముక్కు దగ్గర్నుంచి తడుముకుంటూ వచ్చారు. గొట్టం, గంట, చక్రాలు. ఏది ఏమిటో ఒక్కరినీ అడగలేదు. వెనక చక్రాల బల్ల తగిలింది.

"ఇదేమిటి?"

"తెలీదండీ. వడియాలకి పనికొస్తుందని మా అక్కయ్య రాసింది."

ఆయన వంగి బల్ల కింద చెయ్యి పెట్టారు. "రెండు పక్కలా పాదాలు ఆనించుకునే పలకలున్నాయి కదయ్యా. ఇది వడియాలకి కాదు. మనిషి కూర్చోడానికి." కళ్ళున్న మాకెవరికీ కనపడలేదు.

ఇక పట్టాలు కావాలి. రెండు వారాలే ఉంది. వీరాంజనేయులు రొయ్యల చెరువు షెడ్డు విప్పేసి ఇనప పట్టీలు తెచ్చాడు, నాగాయలంకకి హాల్టు ఇవ్వాలన్న షరతు మీద. రత్తయ్య సరుగుడు దుంగలూ, ఇంజను మోటారుకి ట్రాక్టరు బ్యాటరీ తెచ్చాడు, కోడూరుకి రెండు ప్లాట్‌ఫారాలన్న షరతు మీద. పరిశీలిస్తామనలేదు. ఇచ్చేశాను. హిదాయతుల్లా పనికి దిగి "గేజి కొలత ఇవ్వండి" అన్నాడు. నా దగ్గర ఏ పుల్లా లేదు. శ్రీలలితని పిలిచి పట్టీల మధ్య నిలబెట్టాం. మడమ ఇటు, బొటనవేలు అటు ఆనగానే మేకు కొట్టాడు. దుంగ దుంగకీ అంతే. అరవై అడుగుల లైనంతా ఆ పిల్ల పాదంతోనే పడింది. మీరు పంపిన చెక్క బూట్లు వేసుకుని నిలబడతానంటే, గేజి పాడవుతుందని హిదాయతుల్లా కసిరాడు.

అరవై అడుగుల్లో పదకొండు స్టేషన్లు. అన్ని ఊళ్ళవాళ్ళూ బోర్డులు రాయించుకుని తెచ్చారు. కృష్ణ రావాల్సిన చోట మిల్లు నీళ్ళ కాలవ మీద చెక్కలు పరిచి వంతెన వేశాం.

పధ్నాలుగో తారీకు పొద్దున్న మాస్టారు ఉతికిన పంచె కట్టుకుని వచ్చారు. పచ్చజెండా చేతికిచ్చాను. పక్కన పెట్టేశారు. "ఎక్కండి మాస్టారూ, అవనిగడ్డకి రైలొచ్చింది, మీ ప్రమాణం తీరింది" అన్నాను. "ఎక్కను" అన్నారు. "టిక్కెట్టేదీ? నేను టిక్కెట్టు లేకుండా రైలెక్కే మనిషినా?" అన్నారు. సమితి లెటర్‌హెడ్డు చింపి బందరు టు రేపల్లె ఒకటి అని రాసిచ్చాను. స్టాంపు వెయ్యమన్నారు. వేశాను. అప్పుడు ఎక్కారు.

రైలు కదిలింది బావగారూ. మనిషి నడిచేంత వేగం. ప్రతి ఊళ్ళోనూ ఆపి దండ వేశారు, కదిలిన సేపుకన్నా ఆగిన సేపే ఎక్కువ. చల్లపల్లి వాళ్ళు కొబ్బరికాయ కొట్టారు. కోడూరులో రెండు ప్లాట్‌ఫారాల మీదా ఆపాల్సిందేనని రత్తయ్య అడ్డం నిలబడ్డాడు. పులిగడ్డ వంతెన మీద చక్రాల చప్పుడు మారింది. "కృష్ణా?" అన్నారు మాస్టారు. "కృష్ణేనండీ" అన్నాను. రైల్లో కృష్ణ దాటేవాళ్ళు వేసినట్టే, రొంటిన ఉన్న రూపాయి బిళ్ళ తీసి కాలవలో వేసి దండం పెట్టుకున్నారు. ఆ బిళ్ళ ఎన్నేళ్ళనుంచి దాచుకున్నారో. రత్తయ్య కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. నన్ను ఎవరు చూశారో తెలియదు.

రేపల్లెలో దిగాక చెయ్యి పట్టుకుని, "ఎలా ఉంది మాస్టారూ రైలు?" అన్నాను.

"నలభై ఏడేళ్ళు లేటు" అన్నారు. "కంప్లయింటు రాసుకో."

రాశాను. ఎవరికి పంపాలో తెలియక మీకే పంపుతున్నాను, అందాక చచ్చినట్టు జవాబివ్వండి. ఆ పెద్దాయనకి మాత్రం వెంటనే రాయండి. నడుస్తోంది, అన్ని స్టేషన్లలో ఆగుతూ నడుస్తోందని. అక్కయ్యా, స్వెట్టరు మళ్ళీ మొదలుపెట్టు. తెల్లవారుజామున కళ్ళంలో చలిగా ఉంటోంది, మొదటి బండికి నేను జెండా ఊపాలి.

ఇట్లు,
స్టేషను మాస్టరు (తాత్కాలికం),
శోభనాద్రి

తా.క.: మాస్టారికి బల్ల మీద మోకాళ్ళు ముడుచుకోవాల్సి వచ్చిందట. ఇది నేరో గేజి, వెంటనే బ్రాడ్ గేజికి మార్చాలని నిన్న తీర్మానం చేయించారు. నేటి నుంచి ఉద్యమం మళ్ళీ మొదలు. ఇందులో ఒక పుల్ల పెట్టాను. మాస్టారి పాదం ఆది. ఈసారి ఒక్కటే పుల్ల, అదే రైలు.